ధనిక దేశంలో పేదల లెక్క: ఐర్లండ్ పేదరికపు అంకెలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఐర్లండ్ గణాంక కార్యాలయం, అంటే సీఎస్‌ఓ, ఏటా ఫిబ్రవరి, మార్చి రోజుల్లో పేదరికం అంకెలు విడుదల చేస్తుంది. ఆ వారమంతా పేపర్లలో ఒకరు 5 శాతం అంటారు, ఒకరు 11 అంటారు, ఇంకొకరు 15 అంటారు. ముగ్గురూ నిజమే చెబుతుంటారు. ఇక్కడ ఉంటున్న మనవాళ్లు, ఊరి నుంచి ఫోన్ చేసేవాళ్లు నన్ను అడిగిన ప్రశ్నల్నే, వాళ్ల మాటల్లోనే, ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన దానికి నేరుగా వెళ్లొచ్చు.

## మొదట్లోనే వచ్చే సందేహాలు

అంత డబ్బున్న దేశంలో పేదరికం ఏంటండీ?

ఆకలితో చచ్చిపోయే పేదరికం గురించి కాదు ఈ లెక్క. చుట్టూ అందరూ ఒక తీరుగా బతుకుతుంటే, డబ్బు లేక ఆ తీరుకి దూరంగా ఉండిపోయేవాళ్ల గురించి. చలికాలంలో హీటర్ వేయాలా, సరుకులు కొనాలా అని లెక్కలేసుకునే ఇల్లు డబ్లిన్‌లో ఉంది, లిమరిక్‌లో ఉంది, పల్లెల్లోనూ ఉంది. ఎవరింటికైనా వెళ్తే తిరిగి పిలవాల్సి వస్తుందని వెళ్లడమే మానేసినవాళ్లూ ఉంటారు. బ్రిటన్‌లో పీటర్ టౌన్‌సెండ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970ల్లో గట్టిగా వాదించింది ఇదే. పేదరికాన్ని కేలరీల్లో కొలవకూడదు, ఆ సమాజంలో అందరితో పాటు బతకగలుగుతున్నారా లేదా అన్నదాన్ని బట్టి కొలవాలి అన్నాడాయన. ఐరోపా కొలతలకి ఆ ఆలోచనే పునాది.

పేదవాళ్లంటే ఎవరో ప్రభుత్వం ఎక్కడైనా రాసిపెట్టిందా?

రాసిపెట్టింది. 1997లో వచ్చిన జాతీయ పేదరిక నిర్మూలన వ్యూహంలో ఒక నిర్వచనం ఉంది. ఐరిష్ సమాజం మామూలుగా ఒప్పుకునే జీవన ప్రమాణాన్ని అందుకోలేనంత తక్కువగా ఆదాయమూ వనరులూ ఉంటే వాళ్లు పేదరికంలో ఉన్నట్టు. ఇది అనువాదం కాదు, దాని సారం. గమనించాల్సిన మాట 'వనరులు'. అందులో వస్తువులతో పాటు సాంస్కృతిక, సామాజిక వనరుల్ని కూడా కలిపారు. డబ్బు ఒక్కటే కొలిస్తే చాలదు, లేమిని కూడా కొలవాలి అన్న పట్టుదల అక్కడి నుంచే వచ్చింది.

జీడీపీలో ఐర్లండ్ ప్రపంచంలో పైన ఎక్కడో ఉంది కదా, మరి ఈ పేదరికం?

ఐర్లండ్ జీడీపీని చూసి ఎవరూ మోసపోకూడదు. ఆ దేశపు ఆర్థికవేత్తలే నమ్మరు దాన్ని. 2015లో జీడీపీ ఒక్క ఏడాదిలో 26 శాతం పెరిగిందని ప్రకటించారు. బహుళజాతి కంపెనీలు తమ పేటెంట్ల లాంటి ఆస్తుల్ని పుస్తకాల్లో ఐర్లండ్‌కి మార్చుకోవడం దానికి ముఖ్య కారణం. జనం జేబుల్లోకి అంత డబ్బేమీ రాలేదు. అమెరికా ఆర్థికవేత్త పాల్ క్రుగ్‌మన్ దాన్ని 'లెప్రకాన్ ఎకనామిక్స్' అని వెక్కిరించాడు. లెప్రకాన్ అంటే ఐరిష్ కథల్లో బంగారు కుండ దాచుకునే పొట్టి మాయగాడు. తర్వాత సీఎస్‌ఓ సవరించిన స్థూల జాతీయ ఆదాయం అని వేరే లెక్క తెచ్చింది.

అయితే పేదరికం రేటుకి జీడీపీతో పనే లేదు. అది ఇళ్ల చేతికి వచ్చే ఆదాయం మీద కడతారు.

మన దారిద్ర్య రేఖ లాంటిదేనా ఇది?

పేరు ఒకేలా వినిపిస్తుంది గానీ పద్ధతి వేరు. టెండూల్కర్ కమిటీ పద్ధతిలో 2011-12కి మనిషికి నెలకి పల్లెలో 816 రూపాయలు, పట్నంలో 1,000 రూపాయల ఖర్చు దగ్గర గీత గీశారు. అది ఖర్చు మీద కట్టిన గీత. ధరలు పెరిగితే జరుగుతుంది గానీ పక్కింటివాడి జీతం పెరిగితే జరగదు. ఐర్లండ్ గీత ఆదాయం మీద ఉంటుంది, దేశంలో అందరి ఆదాయాలతో పాటు ఏటా పైకీ కిందికీ కదులుతుంది. అందుకని రెండు దేశాల పేదరిక శాతాల్ని పక్కపక్కన పెట్టి 'వాళ్లకంటే మనమే నయం' అనడం కుదరదు. రెండూ వేర్వేరు ప్రశ్నలకి జవాబులు.

## ఆదాయం లెక్క కట్టేటప్పుడు

60 శాతం గీత అంటే ఏమిటి? సగటు ఎందుకు తీసుకోరు?

దేశంలో మనుషులందర్నీ ఆదాయం క్రమంలో వరసగా నిలబెట్టి, సరిగ్గా మధ్యలో ఉన్న మనిషి ఆదాయం చూస్తారు. దాన్నే మధ్యగతం అంటాం. అందులో 60 శాతం కంటే తక్కువ వచ్చేవాళ్లు 'పేదరికపు ముప్పు'లో ఉన్నట్టు. సగటు తీసుకుంటే నలుగురు కోటీశ్వరులు చాలు గీత పైకి లేవడానికి. మధ్యగతానికి ఆ బెడద లేదు. 60 అన్న అంకె దేవుడిచ్చిందేమీ కాదు, ఐరోపా దేశాలన్నీ కూర్చుని ఒప్పుకున్నది. అందుకే దీన్ని 'పేదరికం' అనకుండా 'ముప్పు' అన్నారు. గీత కింద ఉన్నవాళ్లంతా పేదవాళ్లు కాకపోవచ్చు, గీత పైన ఉన్నవాళ్లంతా సుఖంగానూ ఉండకపోవచ్చు.

మా ఇంట్లో నలుగురం. ఇంటి ఆదాయాన్ని నాలుగుతో భాగిస్తారా?

లేదు. నలుగురికి నాలుగు ఫ్రిజ్‌లు అక్కర్లేదు కదా. ఐర్లండ్ లెక్కలో మొదటి పెద్దకి 1, 14 ఏళ్లు దాటిన మిగతా ప్రతి ఒక్కరికీ 0.66, 14 లోపు పిల్లలకి తలా 0.33 వేస్తారు. భార్యాభర్తలు, ఇద్దరు చిన్న పిల్లలు ఉంటే మొత్తం 2.32. పన్నులు పోగా ఇంటికి ఏడాదికి 58,000 యూరోలు వస్తుందనుకుందాం. దాన్ని 2.32తో భాగిస్తే 25,000. ఆ ఇంట్లో నలుగురికీ, చంటిపిల్లతో సహా, తలా 25,000 ఆదాయం ఉన్నట్టే లెక్క.

మధ్యగతం 30,000 అనుకుంటే గీత 18,000 దగ్గర పడుతుంది. ఇది ఉదాహరణ కోసం వేసిన అంకె. అప్పుడు ఒంటరి మనిషికి 18,000 గీత అయితే ఈ నలుగురి ఇంటికి 41,760 అవుతుంది.

ఇందులో ఒక నమ్మకం దాగి ఉంది. ఇంటికొచ్చిన డబ్బు ఇంట్లో అందరికీ సమానంగా అందుతుందని. ఎన్ని ఇళ్లలో అలా జరుగుతుందో మీకే తెలుసు.

ఊళ్లో అమ్మానాన్నలకి నెల నెలా పంపే డబ్బు నా ఆదాయంలోనే ఉంటుందా?

క్రమం తప్పకుండా వేరే ఇంటికి పంపే డబ్బుని మొత్తం ఆదాయంలోంచి తీసేస్తారు. పన్ను, సోషల్ ఇన్సూరెన్స్, పెన్షన్ చందా తీసేసినట్టే. ఈ అంకెల కోసం ఇళ్లకెళ్లి చేసే సర్వేలో ఆ ప్రశ్న అడుగుతారు కాబట్టి చెప్పాలి. 'అది మన ఇంటి విషయం, వీళ్లకెందుకు' అని చాలామంది చెప్పరు. చెప్పకపోతే మీ చేతిలో లేని డబ్బు ఉన్నట్టు నమోదవుతుంది.

నలుగురు స్టూడెంట్లం ఒకే ఇంట్లో ఉంటాం. మేం ఒక కుటుంబమా?

లెక్కకి కావలసింది కుటుంబం కాదు, 'గృహం'. ఒకే చోట ఉంటూ తిండి ఏర్పాట్లు కలిపి చూసుకునేవాళ్లు ఒక గృహం. సరుకులు పంచుకుని, వంతులేసుకుని ఒకే కుక్కర్లో అన్నం పెట్టుకుంటే మీ నలుగురూ ఒకటి. ఎవరి అన్నం వాళ్లదైతే నాలుగు. స్టూడెంట్ల విషయంలో ఈ కొలత కొంచెం తడబడుతుంది. ఇంటి దగ్గర తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్ అప్పు అవుతుంది గానీ ఆదాయం కాదు. అందుకని పార్ట్‌టైమ్ జీతం మీదే బతికే కుర్రాడు కాగితం మీద గీతకి చాలా కింద కనిపిస్తాడు. రెండేళ్ల తర్వాత అదే కుర్రాడు ఐటీ ఉద్యోగంలో ఉంటాడు.

వీళ్లకి నా ఆదాయం ఎలా తెలుస్తుంది? తక్కువ చెబితే?

ఆదాయ, జీవన పరిస్థితుల సర్వే అని ఒకటి ఉంది. పొట్టిగా సిల్క్ అంటారు. ఐరోపా సమాఖ్య దేశాలన్నిట్లో జరుగుతుంది. ఐర్లండ్‌లో కొన్ని వేల ఇళ్లని ఎంచుకుంటారు. చేరడం చేరకపోవడం మన ఇష్టం. జీతం, పెన్షన్, ప్రభుత్వ సాయం వివరాలు చాలావరకు పన్నులు వసూలు చేసే రెవెన్యూ శాఖ, సాంఘిక రక్షణ శాఖ రికార్డుల నుంచే పీపీఎస్ నంబర్ (ఇక్కడ ఒక్కో మనిషికి ఇచ్చే గుర్తింపు నంబర్) ఆధారంగా తీసుకుంటారు. కాబట్టి తక్కువ చెప్పి ప్రయోజనం లేదు. ఇక మీరు చెప్పిన వివరాలు పన్నువాళ్లకి చేరతాయేమో అని టెన్షన్ పడొద్దు. 1993 గణాంకాల చట్టం ప్రకారం సీఎస్‌ఓ వాటిని వేరే శాఖలకి ఇవ్వకూడదు. సమాచారం అటు నుంచి ఇటే వస్తుంది, ఇటు నుంచి అటు పోదు.

## లేమిని కొలిచేటప్పుడు

లేమిని కొలవడానికి అడిగే ఆ పదకొండు ప్రశ్నలు ఏంటి?

నాకు ఈ లెక్క మొత్తంలో బాగా నచ్చేది ఇదే. కోటు, బూట్లు, సోఫా గురించి అడిగి ఒక దేశం తన పేదరికాన్ని తెలుసుకుంటుంది. ఇల్లు సరిపడా వెచ్చగా ఉంచుకోగలరా? గడిచిన ఏడాదిలో డబ్బు లేక హీటింగ్ వేయకుండా గడిపారా? రెండు జతల గట్టి బూట్లు ఉన్నాయా? వాన తడపని వెచ్చని కోటు ఉందా? సెకండ్ హ్యాండ్ కాకుండా కొత్త బట్టలు కొనగలరా? రోజు విడిచి రోజు మాంసం, కోడి, చేప, లేదా దానికి సమానమైన శాకాహారం తినగలరా? వారానికోసారి రోస్ట్ లాంటి మంచి భోజనం చేయగలరా? పాడైన ఫర్నిచర్ మార్చగలరా? ఏడాదికోసారైనా బంధువులకో స్నేహితులకో బహుమతి కొనగలరా? నెలకోసారి ఎవర్నైనా ఇంటికి పిలిచి భోజనమో డ్రింకో పెట్టగలరా? గడిచిన రెండు వారాల్లో ఒక పూట సరదాగా బయటికి వెళ్లారా?

వీటిలో రెండో అంతకంటే ఎక్కువో డబ్బు లేక కుదరవంటే ఆ మనిషి లేమిలో ఉన్నట్టు. మొదట్లో ఈ జాబితాలో ఎనిమిదే ఉండేవి. 2007 నుంచి పదకొండు చేశారు, నలుగురిలో కలిసి బతకడానికి సంబంధించినవి బలపడ్డాయి. సాధారణంగా ఎక్కువమంది 'కుదరదు' అనేది ఫర్నిచర్ దగ్గర.

వారానికోసారి రోస్ట్ ఏంటి? మేం శాకాహారులం.

ఐరిష్ ఇళ్లలో ఆదివారం మధ్యాహ్నం రోస్ట్ అంటే మనకి ఆదివారం కోడికూర ఎలాగో అలా. వంటకం ముఖ్యం కాదు, వారానికి ఒక్కపూటైనా ఇంటిల్లిపాదీ కూర్చుని నిండుగా తినే స్తోమత ఉందా అన్నదే అసలు ప్రశ్న. అందుకే 'లేదా దానికి సమానమైనది' అని చేర్చారు. మీకు అది పులిహోర, గారెలు, పాయసం అనుకోండి, జవాబు ఇచ్చేయండి.

సోఫా మార్చడం నాకే ఇష్టం లేదు. నన్నూ లేమిలో కలిపేస్తారా?

కలపరు. ప్రతి ప్రశ్నకీ వెనక ఇంకో ప్రశ్న ఉంటుంది. లేకపోవడానికి కారణం డబ్బా, వేరే ఏదైనానా? ఇష్టం లేక ఎవర్నీ ఇంటికి పిలవని మనిషి లేమిలో లేడు. పిలవాలని ఉండి, కూరగాయల ఖర్చు తలుచుకుని ఊరుకున్న మనిషి ఉన్నాడు. దీన్ని 'బలవంతపు లేమి' అంటారు. ఇందులో ఒక లోపం ఉంది. ఏళ్ల తరబడి లేనివాళ్లు అసలు కోరుకోవడమే మానేస్తారు. 'నాకక్కర్లేదమ్మా' అనే ముసలావిడ మాటలో ఇష్టం ఎంతో, అలవాటు ఎంతో సర్వే చేసేవాళ్లు విడదీయలేరు.

కన్సిస్టెంట్ పావర్టీ అంటే ఏంటి? దాని శాతం ఎందుకంత చిన్నగా ఉంటుంది?

ఆదాయం గీత కింద ఉండాలి, లేమి కూడా ఉండాలి. రెండూ ఉన్నవాళ్లనే ఇందులో లెక్కిస్తారు. నికర పేదరికం అనుకోవచ్చు. ఇఎస్‌ఆర్‌ఐ అనే పరిశోధన సంస్థలో బ్రయన్ నోలన్, క్రిస్టఫర్ వీలన్ లాంటివాళ్లు దీన్ని తయారు చేశారు. ఆదాయం తక్కువున్నా దాచుకున్న డబ్బుతో బాగానే ఉన్నవాళ్లని, మంచి ఆదాయం ఉండీ ఏదో ఒకటి లేదన్నవాళ్లని వడకట్టడానికి ఇది మంచి జల్లెడ.

ప్రభుత్వాలు పెట్టుకున్న లక్ష్యం కూడా ఈ అంకె మీదే. 2020కల్లా 2 శాతానికి తేవాలనుకున్నారు, కుదరలేదు. 2025 అన్నారు. 2024 అంకె 5.0. నా అభిప్రాయం అడిగితే, జల్లెడ మంచిదే గానీ రెండు వలయాలు కలిసిన చోటు ఎప్పుడూ చిన్నదే. చిన్న అంకె చెప్పుకోవాలనుకునే మంత్రికి ఇది చాలా సౌకర్యం.

## అంకెలు బయటికొచ్చాక

2024లో లేమి తగ్గిందట, పేదరికం పెరిగిందట. ఇదెలా కుదురుతుంది?

2023లో ముప్పు 10.6, లేమి 17.3, రెండూ కలిసినవాళ్లు 3.6 శాతం. 2024లో వరసగా 11.7, 15.7, 5.0. లేమి మొత్తం మీద తగ్గింది, కానీ గీత కింద ఉన్నవాళ్లలో లేమి పెరిగింది. మధ్యతరగతి కాస్త ఊపిరి తీసుకుంటే అడుగునున్నవాళ్లు ఇంకొంచెం దిగారన్నమాట. పిల్లల్లో అయితే నికర పేదరికం 4.8 నుంచి 8.5కి వెళ్లింది. నన్ను కలవరపెట్టిన అంకె అది.

ఇంకో మెలిక కూడా ఉంది. ఆదాయం వివరాలు అంతకుముందు ఏడాదివి, లేమి ప్రశ్నలు ఈ ఏడాది అడిగినవి. 2024 సర్వే అంటే 2023 ఆదాయం, 2024 కష్టాలు. కరెంటు బిల్లు సాయం, ఒకసారికి ఇచ్చే అదనపు చెల్లింపులు ఒక ఏడాది ఆదాయాన్ని పెంచి మరుసటి ఏడాది ఆగిపోతే ఈ తేడా ఇంకా ముదురుతుంది.

దేశం బాగుపడుతుంటే పేదరికం శాతం పెరగడం ఏమిటి?

ఐర్లండ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. 'సెల్టిక్ టైగర్' అని పేరు తెచ్చుకున్న రోజుల్లో, 1994 నుంచి 2001 మధ్య, పేదరికపు ముప్పు 15.6 నుంచి 21.9 శాతానికి పెరిగింది. జీతాలు పరుగెత్తాయి, మధ్యగతం పైకి పోయింది, పెన్షన్ మీద బతికే పెద్దవాళ్ల ఆదాయం పెరిగినా ఆ వేగాన్ని అందుకోలేదు. అదే కాలంలో నికర పేదరికం బాగా తగ్గింది.

తర్వాత బ్యాంకులు కూలినప్పుడు కథ తిరగబడింది. అందరి ఆదాయాలూ పడిపోయి గీత కూడా దిగింది కాబట్టి ముప్పు శాతం పెద్దగా కదల్లేదు. కానీ లేమి 2007లో 11.8 నుంచి 2013లో 30.5 శాతానికి ఎగబాకింది. ఆ ఏళ్లలో ఐర్లండ్‌ని ఒక్క ఆదాయ గీతతోనే చూసినవాళ్లకి అసలు కష్టం కనిపించలేదు.

అద్దెలు ఇంత మండిపోతున్నాయి. అవి లెక్కలో ఉంటాయా?

అసలు రేటులో ఉండవు. అప్పు తీరిపోయిన సొంతింట్లో ఉన్న రిటైర్డ్ టీచరూ, డబ్లిన్‌లో జీతంలో సగం అద్దెకి పోసే జంటా ఒకే ఆదాయం ఉంటే ఒకే వరసలో నిలబడతారు. ఇది చాలా పెద్ద లోపమని నా ఉద్దేశం. సీఎస్‌ఓ అద్దె, ఇంటి అప్పు వడ్డీ తీసేసి కూడా ఒక అంకె వేస్తుంది. 2021 సర్వేలో మామూలు ముప్పు 11.6 శాతం అయితే, ఇవి తీసేశాక దాదాపు 19 అయింది. అద్దె ఇళ్లవాళ్లలో పెరుగుదల అన్నిటికంటే తీవ్రం. మనవాళ్లలో కొత్తగా వచ్చినవాళ్లందరూ ఆ అద్దె ఇళ్లలోనే ఉంటారు కాబట్టి ఏ ఏడాదైనా ముందు ఈ రెండో అంకె వెతకండి.

ఎవరు ఎక్కువగా గీత కింద ఉంటారు?

ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్న తల్లులు, తండ్రులు, దీర్ఘకాలిక అనారోగ్యం వల్ల పని చేయలేనివాళ్లు, ఉద్యోగం లేనివాళ్లు. ఒంటరి తల్లిదండ్రుల ఇళ్లలో లేమి ఇటీవలి సర్వేల్లో 40 శాతం పైనే. ఉద్యోగం ఉన్నా గీత కింద ఉన్నవాళ్లూ ఉన్నారు. ప్రభుత్వ చెల్లింపులన్నీ తీసేసి చూస్తే ముప్పు 30 శాతం దాటిపోతుంది. పెన్షన్లు, చైల్డ్ బెనిఫిట్ లాంటివి ఎంత మోస్తున్నాయో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఇల్లే లేనివాళ్లని ఎలా లెక్కిస్తారు?

ఈ సర్వేలో లెక్కించరు. సిల్క్ ఇళ్లకి వెళ్లి అడిగే సర్వే. తలుపు లేనివాళ్ల తలుపు ఎవరు కొడతారు? అత్యవసర వసతిలో ఉన్నవాళ్లు, వృద్ధాశ్రమాలు, ఆసుపత్రులు, జైళ్లు, శరణార్థుల కేంద్రాల్లో ఉన్నవాళ్లు బయటే ఉండిపోతారు. గృహ శాఖ నెలనెలా విడిగా ఇచ్చే లెక్కలో అత్యవసర వసతిలో ఉన్నవాళ్లు 2025 మొదట్లో 15 వేలు దాటారు, అందులో పిల్లలు వేలల్లో ఉన్నారు. పేదరికం శాతం చదివిన ప్రతిసారీ ఇది గుర్తుపెట్టుకోవాలి.

మా ఏరియా మంచిదా కాదా అని చూపించే మ్యాప్ ఉందట కదా?

పోబల్ హెచ్‌పీ లేమి సూచీ. పోబల్ అంటే ప్రభుత్వం తరఫున సామాజిక పథకాలు నడిపే సంస్థ. హెచ్‌పీ అంటే దాన్ని తయారు చేసిన హాజే, ప్రాచ్‌కే ఇంటిపేర్ల మొదటి అక్షరాలు. ఇది సెన్సస్ మీద కడతారు, సర్వే మీద కాదు. దేశాన్ని 18 వేలకి పైగా చిన్న చిన్న ముక్కలు చేసి, చదువు, ఉద్యోగ తరగతి, నిరుద్యోగం, ఒంటరి తల్లిదండ్రుల నిష్పత్తి, గదికి ఎంతమంది లాంటివి చూసి ఒక్కో ముక్కకి మార్కు ఇస్తారు. సున్నా అంటే సగటు. మైనస్ 10 దాటితే వెనకబడింది, మైనస్ 20 దాటితే బాగా వెనకబడింది, మైనస్ 30 దాటితే మరీ వెనకబడింది. వెనకబడిన స్కూళ్లకి అదనపు టీచర్లు, నిధులు ఇచ్చే డెష్ (DEIS) పథకానికి స్కూళ్లని ఎంచుకోవడంలో దీన్ని వాడతారు.

ఇందులో ఆదాయం ప్రశ్నే లేదు, సెన్సస్‌లో జీతం అడగరు కాబట్టి. ఇంకో సంగతి, మార్కు వీధికి గానీ మనిషికి కాదు. పేదవాళ్లలో ఎక్కువమంది 'వెనకబడిన' వీధుల బయటే ఉంటారు. అలా అని మ్యాప్ అబద్ధం కాదు. 2016 సెన్సస్‌లో నిరుద్యోగం 27 శాతం దాటిన 79 ప్రాంతాల్లో 18 ఒక్క లిమరిక్ నగరం, దాని శివార్లలోనే ఉన్నాయి.

ఐరోపా సమాఖ్య గణాంక సంస్థ యూరోస్టాట్ అంకెకీ సీఎస్‌ఓ అంకెకీ పొంతన కుదరదేం?

మూడు తేడాలు. యూరోస్టాట్ రెండో పెద్దకి 0.66 కాకుండా 0.5, పిల్లలకి 0.3 వేస్తుంది. పదకొండు ప్రశ్నల బదులు పదమూడు అడుగుతుంది, వాటిలో కారు, ఇంటర్నెట్, ఏడాదికో వారం సెలవు యాత్ర, అనుకోని ఖర్చు తట్టుకోవడం లాంటివి ఉంటాయి. ఏడు లేకపోతేనే తీవ్ర లేమి అంటుంది. మూడోది, పెద్దవాళ్లు సాధ్యమైన పనిలో ఐదో వంతు కూడా చేయని ఇళ్లని కూడా కలుపుతుంది. ఆదాయం గీత కింద ఉండటం, తీవ్ర లేమి, ఇంట్లో పని తక్కువ కావడం, ఈ మూడిట్లో ఏ ఒక్కటి ఉన్నా 'పేదరికం లేదా సామాజిక బహిష్కరణ ముప్పు' కింద లెక్క. కాబట్టి అంకె పెద్దదవుతుంది. దేశాలని పోల్చాలంటే ఇది వాడండి, ఐర్లండ్‌ని ఐర్లండ్‌తో పోల్చాలంటే సీఎస్‌ఓది.

గీత కింద ఉన్నామని తేలితే ఏదైనా కార్డు ఇస్తారా?

ఇవ్వరు. ఇది తెల్ల రేషన్ కార్డు లాంటిది కాదు. సర్వేలో పాల్గొన్నవాళ్లకే తాము గీతకి ఎటువైపున్నామో ఎవరూ చెప్పరు. వైద్యం కోసం ఇచ్చే మెడికల్ కార్డుకి, హీటింగ్ ఖర్చుకిచ్చే ఫ్యూయల్ అలవెన్స్‌కి, అద్దె సాయానికి దేని ఆదాయ పరిమితి దానిదే, దేని ఫారం దానిదే. మీ ఆదాయం తక్కువని మీకనిపిస్తే పేదరికం రేటు చదవడం పక్కనపెట్టి, దగ్గర్లోని సిటిజన్స్ ఇన్ఫర్మేషన్ సెంటర్‌కి వెళ్లండి. సలహా ఉచితం. పీపీఎస్ నంబర్, పే స్లిప్పులు, అద్దె ఒప్పందం వెంట పెట్టుకోండి. అపాయింట్‌మెంట్ కావాలేమో ముందు ఫోన్ చేసి కనుక్కోండి.